గాయం మానిన తరువాత చెప్పవలసిన మాటలు

రొమ్ము శస్త్రచికిత్స పూర్తయి, కుట్లు విప్పి, ఫైలు చేతికిచ్చి ఇంటికి పంపిన రోజున ఇంటిల్లిపాదీ పెద్ద గండం గడిచిందని అనుకుంటారు. అది నిజమే. అయితే ఆ రోజు నుండే మరొక ప్రశ్న ఆ ఇంట్లో కాపురం పెడుతుంది. కోత పడిన దేహం మునుపటిలా ఉండదు. ఒకచోట గట్టిపడుతుంది, ఒకచోట మొద్దుబారుతుంది, ఒకచోట చర్మం రంగు మారుతుంది. వీటిలో ఏది మానుతున్న గాయం, ఏది వైద్యులకు చెప్పవలసిన సంగతి? చెప్పవలసినదైతే ఎప్పుడు చెప్పాలి? ఈ నిమిషమా, ఈ వారమా, లేక ఫైలు మీద రాసి ఇచ్చిన తేదీ నాడా?

మేము ముగ్గురం అక్కచెల్లెళ్ళం. నాలుగేళ్ళుగా మా అమ్మతోపాటు ఈ ప్రశ్నకు జవాబు నేర్చుకుంటున్నాం. మేము వైద్యులం కాము. అమ్మకు చికిత్స చేసిన వైద్యులూ నర్సులూ ఓపికగా చెప్పినవి, మా కళ్ళతో చూసినవి మాత్రమే ఇక్కడ రాస్తున్నాం. 2022లో మన దేశంలో దాదాపు 1 లక్షా 92 వేల మంది స్త్రీలలో రొమ్ము క్యాన్సర్‌ను కొత్తగా గుర్తించారని అంతర్జాతీయ అంచనా. అంటే ఈ ప్రశ్న ఎన్ని ఇళ్ళలో ఉందో ఊహించవచ్చు. చాలా ఇళ్ళలో అది పైకి రాని ప్రశ్న కూడా.

2021 చలికాలంలో అమ్మకు కుడి రొమ్ములోని గడ్డను, దాని చుట్టూ కొంత కండను, చంకలోని లింఫ్ గ్రంథులను తీసివేశారు. రొమ్మును పూర్తిగా తొలగించలేదు. అది విని మా పెద్దమ్మ, "సగం ఉంచితే జబ్బు ఉండిపోదా?" అని భయపడింది. ఆ భయానికి పాత కారణమే ఉంది. 19వ శతాబ్దం చివర అమెరికా వైద్యుడు విలియం హాల్‌స్టెడ్ రొమ్మును, ఛాతీ కండరాలను, చంక గ్రంథులను కలిపి తీసివేసే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. తరువాత దశాబ్దాల పాటు లోకమంతా అదే నడిచింది. బెర్నార్డ్ ఫిషర్ నాయకత్వంలో జరిగిన పెద్ద పరిశోధన ఫలితాలు 1985లో, అదే రోగుల ఇరవై ఏళ్ళ ఫలితాలు 2002లో వెలువడ్డాయి. గడ్డను మాత్రమే తీసి రేడియేషన్ ఇచ్చినా, రొమ్మునంతా తీసినా ఆయుష్షులో తేడా లేదని అవి నిరూపించాయి. అయితే అందులోనే మరొక సంగతి ఉంది. గడ్డ తీసి రేడియేషన్ కూడా తీసుకున్నవారిలో ఇరవై ఏళ్ళలో సుమారు 14 శాతం మందికి అదే రొమ్ములో జబ్బు తిరిగి వచ్చింది. రేడియేషన్ తీసుకోనివారిలో అది 39 శాతం. నేటి మందులతో ఈ ప్రమాదం ఇంకా తగ్గింది, కానీ పూర్తిగా పోలేదు. రొమ్మునంతా తీసినవారిలో కూడా కోత మచ్చ మీద, ఛాతీ చర్మం మీద, చంకలో అది తిరిగి కనిపించవచ్చు. కాబట్టి చూసుకుంటూ ఉండటం రెండు రకాల శస్త్రచికిత్సల తరువాతా అవసరమే.

మొదటి వారాలలో అమ్మకు కనిపించిన మార్పులలో చాలావరకు మానుతున్న గాయానివే. కోత చుట్టూ కమిలిన నలుపు పసుపుగా మారి పోయింది. చేతి పైభాగం లోపలివైపు మొద్దుబారింది. గ్రంథులు తీసేటప్పుడు అక్కడి సన్నని నరం దెబ్బతినడం మామూలేనని, ఆ మొద్దు కొందరికి పూర్తిగా పోకపోవచ్చునని వైద్యురాలు ముందే చెప్పారు. డ్రెయిన్ గొట్టం తీసిన తరువాత చంకలో నీరు చేరి నిమ్మకాయంత ఉబ్బింది. దానిని రెండుసార్లు సూదితో తీశారు, తరువాత చేరలేదు. అప్పుడప్పుడు సూది గుచ్చినట్లు మెరిసే నొప్పి నెలల తరబడి వచ్చి పోయేది. అదీ సహజమేనన్నారు.

అయితే ఆలస్యం చేయకూడనివి ఏవో అక్కడి నర్సు మా చేత రాయించారు. 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ లేదా అంతకు మించిన జ్వరం. కోత చుట్టూ రోజురోజుకూ వ్యాపించే ఎరుపు, వేడి. చీము, దుర్వాసన, కుట్లు విచ్చుకోవడం. కొద్ది గంటలలోనే బిగుసుకుంటూ పెరిగే వాపు. ఇవి కనిపిస్తే ఆ రోజే చెప్పాలి. ఒక కాలి పిక్క వాచి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఊపిరి అందకపోయినా రక్తం గడ్డకట్టి ఉండవచ్చు గనుక ఆ నిమిషమే ఆసుపత్రికి బయలుదేరాలి. కీమో జరుగుతున్న రోజులలో జ్వరం వస్తే తెల్లవారేదాకా చూద్దామని మాత్ర వేసి పడుకోకూడదు. ఆ సమయంలో తెల్ల రక్తకణాలు తగ్గి ఉంటాయి, చిన్న ఇన్ఫెక్షన్ కూడా ప్రాణం మీదికి రావచ్చు.

రేడియేషన్ రోజులలో రొమ్ము చర్మం నల్లబడింది, దురద పెట్టింది, అక్కడక్కడ పొరలు లేచింది. రొమ్ము వాచి బరువెక్కింది. ఆ వాపు తగ్గడానికి నెలలు పట్టింది. తరువాత అది కొంత కుంచించుకుపోయి, పట్టుకుంటే మునుపటికంటే గట్టిగా ఉండసాగింది. ఆ కాలంలో వైద్యురాలు ఒక కొలత చెప్పారు. మానుతున్న గాయానికి సంబంధించిన మార్పు నిలకడగా ఉంటుంది, లేదా నెమ్మదిగా తగ్గుతుంది. కొత్తగా పుట్టినది, పెరుగుతున్నది, రెండు వారాలు దాటినా పోనిది ఏదైనా సరే, నొప్పి ఉన్నా లేకున్నా, చెప్పవలసినదే. నొప్పి లేదు గనుక భయం లేదనుకోవడం సరికాదు. తిరిగి వచ్చే గడ్డలు చాలావరకు నొప్పి పెట్టవు.

ఈ కొలత విలువ రెండవ సంవత్సరంలో మాకు తెలిసింది. ఒక శుక్రవారం స్నానం చేస్తుండగా కోత మచ్చ పక్కన శనగగింజంత గట్టి ముద్ద అమ్మ వేలికి తగిలింది. ఆ మాట ఆమె మాకు చెప్పింది గానీ, వెంటనే, "తారీకు ఎలాగూ ఉంది కదా, అప్పుడు చూపిద్దాంలే" అంది. ఆ తారీకు ఇంకా ఏడు వారాల దూరంలో ఉంది. అమ్మకు తెలియక అన్న మాట కాదది. నంద్యాల నుండి కర్నూలుకు బస్సులో రెండు గంటలు. ఆసుపత్రిలో ఓ.పి. చీటీ కోసం వరుస. ఇద్దరు తోడు రావాలి, ఒకరి పని చెడుతుంది. చెల్లికి పరీక్షలు. వీటన్నింటి కింద మరొకటి ఉంది. ఏడాదిపాటు ఎందరెందరి ముందో తెరిచి చూపిన ఛాతీని మళ్ళీ తెరిచి చూపాలి. అది నోటితో చెప్పుకోలేని బరువు.

మేము ఫైలు మీద ఉన్న నంబరుకు ఫోను చేశాం. ముద్ద ఎక్కడుందో, ఎంత ఉందో, ఎప్పటి నుండి ఉందో అడిగి, ఆ గురువారమే రమ్మన్నారు. మామోగ్రామ్, అల్ట్రాసౌండ్ తీశారు. అవి తేల్చలేకపోవడంతో సూదితో ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం తొమ్మిది రోజులకు వచ్చింది. ఆ తొమ్మిది రోజులు మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. చివరకు అది జబ్బు కాదని తేలింది. కోత వల్ల, రేడియేషన్ వల్ల రొమ్ములోని కొవ్వు కణాలు చచ్చి గట్టిపడిన ముద్ద అది. ఇలాంటివి చికిత్స జరిగిన నెలలకూ రావచ్చు, ఏళ్ళకూ రావచ్చు. "చేత్తో తాకి ఇది ఏదో మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. అందుకే వచ్చారు, మంచి పని చేశారు" అన్నారు వైద్యురాలు.

అయినా తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అమ్మ, "అనవసరంగా అందరినీ తిప్పాను" అంది. మాకు ఆ ముద్ద కంటే ఈ మాటే ఎక్కువ భయం కలిగించింది. ఒకసారి 'ఏమీ లేదు' అనిపించుకున్న స్త్రీకి రెండవసారి నోరు పెగలదు. పోయినసారి ఇలాగే హడావుడి చేశామనే జంకు అడ్డొస్తుంది. ఇంట్లోవాళ్ళు విసుక్కోకపోయినా, విసుక్కుంటారేమోననే ఊహ చాలు. రెండవసారి వచ్చినది నిజంగా జబ్బే అయితే, దానికి మొదటిసారి వచ్చిన మంచి జవాబే అడ్డుగోడ అవుతుంది. కాబట్టి మేము ముగ్గురం ఆ రాత్రే అమ్మతో చెప్పాం. 'ఏమీ లేదు' అనే జవాబు కోసం చేసిన ప్రయాణం వృథా కాదు, ఆ జవాబు ఇంట్లో కూర్చుంటే దొరికేది కాదు, అందుకే వెళ్ళాం అని. మా నాన్నగారు మాటకారి కాదు. ఆయన మరునాడు బీరువాలో ఒక కవరు పెట్టి, "ఇది దారి ఖర్చుకు. ఎప్పుడు కావాలన్నా తీసుకోండి, కారణం నన్ను అడగనక్కరలేదు" అన్నారు. మేము చెప్పినదానికంటే అమ్మకు అదే ఎక్కువ ధైర్యమిచ్చింది.

సిగ్గు గురించి కూడా చెప్పాలి. హయా మన ఇళ్ళలో ఆభరణం వంటిది, దానిని మేము తేలిక చేయడం లేదు. కానీ అవసరం వచ్చినప్పుడు వైద్యులకు శరీరాన్ని చూపడం హయాకు లోటు కాదని మన పెద్దలు ఎప్పుడూ చెబుతూనే ఉన్నారు. వీలైనచోట స్త్రీ వైద్యురాలిని అడగవచ్చు. పురుష వైద్యుడైతే పక్కన నర్సు ఉండాలని కోరవచ్చు. కోరితే ఎవరూ కాదనరు. ఇంకొక చిక్కు మాటలలో ఉంది. చాలామంది స్త్రీలు రొమ్ము అనే మాట పలకలేక 'ఛాతీలో ఏదోలా ఉంది' అంటారు. దానితో వాళ్ళను గుండె పరీక్షలకు పంపుతారు, అసలు సంగతి వెనకబడుతుంది. "కుడి రొమ్ముకు ఆపరేషన్ అయింది. మచ్చకు పైన, చంక వైపు, శనగగింజంత గట్టి ముద్ద ఉంది. మూడు వారాలుగా పోవడం లేదు" అని ఇంట్లోనే ఒకసారి పలికి చూసుకుంటే అక్కడ నోరు తడబడదు. జబ్బు నయమయ్యాక మళ్ళీ తవ్వుకోవడం దేనికి, దైవానికి వదిలేయరాదా అనే బంధువులూ ఉంటారు. దైవం మీద భరోసా ఉంచడమంటే మౌనంగా ఉండటం కాదు. ఇచ్చిన ప్రాణాన్ని కాపాడుకోవడం కూడా కృతజ్ఞతే.

మూడవ సంవత్సరం రమజాన్ మాసంలో మరొకటి జరిగింది. అంతకు కొన్ని వారాల ముందే వుజూ చేసేటప్పుడు కుడిచేతి గాజులు బిగుతుగా ఉన్నట్లు అమ్మ గమనించింది. ఎడమచేతి గాజులు ఎప్పటిలాగే జారుతున్నాయి. చంక గ్రంథులు తీసినవారిలో చేతిలోని లింఫ్ ద్రవం సరిగా వెనక్కి పోక వాపు వస్తుంది. దానిని లింఫెడిమా అంటారు. అది శస్త్రచికిత్స తరువాత నెలలకైనా, ఏళ్ళకైనా రావచ్చు. చేయి బరువుగా అనిపించడం, ఉంగరం బిగియడం, రవిక చేయి పట్టకపోవడం దాని తొలి గుర్తులు. తొలిదశలో చెబితే ప్రత్యేకమైన మర్దన, వ్యాయామం, బిగుతైన చేతి తొడుగుతో అదుపులో ఉంచవచ్చు. ఆలస్యమైతే చర్మం గట్టిపడి, వాపు తగ్గించడం కష్టమవుతుంది. అమ్మ చెప్పగానే వెళ్ళాం, తొడుగు ఇచ్చారు. రోజుకు అయిదుసార్లు రెండు చేతులనూ మోచేతుల దాకా కడుక్కునే మన స్త్రీలకు ఈ తేడా త్వరగా తెలియడానికి మంచి అవకాశం ఉంది.

రమజాన్ రెండవ వారంలో ఇఫ్తార్ పనులలో ఆ చేతి వేలు కత్తితో కొద్దిగా తెగింది. మరునాడు అసర్ వేళకు ముంజేయి ఎర్రబడి కాలిపోసాగింది. మగ్రిబ్ తరువాత వణుకుతో జ్వరం వచ్చింది. ఇంట్లో బంధువులున్నారు, తరావీహ్‌కు వెళ్ళే హడావుడి. ఎవరికీ తెలియకుండా దుప్పటి కప్పుకొని పడుకోవడానికి అన్ని వీలులూ ఉన్న రాత్రి అది. కానీ అమ్మ తానే వచ్చి, చేయి చూపి, "ఇది రెండు వారాలు చూసేది కాదు, ఇప్పుడే చెప్పేది" అంది. ఆ రాత్రే ఊళ్ళో ఆసుపత్రిలో చేర్చాం. చర్మం లోపలి ఇన్ఫెక్షన్ అని చెప్పి, మూడు రోజులు రక్తనాళం ద్వారా యాంటీబయాటిక్ ఎక్కించారు. లింఫ్ దారులు దెబ్బతిన్న చేతిలో ఇలాంటి ఇన్ఫెక్షన్ గంటలలో వ్యాపించగలదని, రాత్రే రావడం మేలయిందని అక్కడి వైద్యులు అన్నారు. తప్పిన ఉపవాసాలను అమ్మ తరువాతి నెలల్లో పూర్తి చేసుకుంది. వ్యాధిగ్రస్తులకు ధర్మం ఇచ్చిన ఆ వెసులుబాటు ఇలాంటి రోజుల కోసమే కదా.

తారీకు కోసం ఆగకుండా, వీలైనంత త్వరగా, ఒకటి రెండు వారాలలోనే చెప్పవలసినవి ఇంకా ఉన్నాయి. మచ్చ పక్కన, రొమ్ములో, చంకలో, మెడ ఎముక పైన కొత్త ముద్ద. మచ్చ మీద లేదా ఛాతీ చర్మం మీద మొటిమల వంటి గట్టి ఎర్రని పొక్కులు. చర్మం లోపలికి గుంటపడటం, నారింజ తొక్కలా మందంగా మారడం. చనుమొన కొత్తగా లోపలికి పోవడం, పొలుసులు కట్టడం, దాని నుండి రక్తం లేదా నీరు రావడం. రొమ్ము ఎర్రబడి వేడెక్కితే ఇన్ఫెక్షన్ అని మందులు ఇస్తారు. ఆ మందులు వాడినా తగ్గకపోతే మళ్ళీ వెళ్ళి చెప్పాలి. రేడియేషన్ తీసుకున్న కొన్నేళ్ళకు ఆ చర్మం మీద కమిలినట్లు ఊదారంగు మచ్చలు వస్తే, అది చాలా అరుదైన సంగతే అయినా, తప్పక చూపాలి. రెండవ రొమ్మును మరువకూడదు. ఒక వైపు జబ్బు వచ్చినవారికి రెండవ వైపు కొత్తగా వచ్చే అవకాశం ఇతరులకంటే ఎక్కువ.

దేహంలో మరోచోట కనిపించేవి కూడా ఉన్నాయి. ఒకేచోట నిలిచి, రాత్రులు ఎక్కువై, రోజురోజుకూ పెరిగే ఎముక నొప్పి. తగ్గని దగ్గు, ఆయాసం. కారణం లేకుండా బరువు తగ్గడం. మునుపెన్నడూ లేని, విడవని తలనొప్పి. కళ్ళు పచ్చబడటం. అమ్మ వాడే లెట్రోజోల్ మాత్ర వల్ల చాలామందికి పొద్దున్నే వేళ్ళు, మోకాళ్ళు పట్టేస్తాయి, కదిలితే కొంత సడలుతాయి. అది మందు వల్ల వచ్చేదని తెలిసినా భరించలేనప్పుడు చెప్పవచ్చు. వైద్యులు మందు మార్చగలరు. మనంతట మనం మాత్ర మానివేయకూడదు. టామోక్సిఫెన్ వాడేవారికి బహిష్టులు ఆగిపోయిన తరువాత రక్తస్రావం కనిపిస్తే, ఒక్క చుక్కైనా చెప్పాలి.

తారీకులకూ ఒక లెక్క ఉంది. సాధారణంగా మొదటి మూడేళ్ళు 3 నుండి 6 నెలలకు ఒకసారి, నాలుగు, అయిదు సంవత్సరాలలో 6 నుండి 12 నెలలకు ఒకసారి, ఆ తరువాత ఏడాదికి ఒకసారి వైద్యులు పరీక్షిస్తారు. మిగిలి ఉన్న రొమ్ముకు ఏడాదికి ఒకసారి మామోగ్రామ్ తీస్తారు. రేడియేషన్ అయినవారికి కనీసం 6 నెలలు ఆగి మొదటిది తీస్తారు. ఏ లక్షణమూ లేనివారికి పదేపదే స్కానింగులు, క్యాన్సర్ రక్తపరీక్షలు చేయడం వల్ల మేలు కనిపించలేదు గనుక వాటిని మామూలుగా సూచించరు. ఇది విని మొదట మేము కలవరపడ్డాం. తరువాత అర్థమైంది. రెండు తారీకుల మధ్య ఉన్న నెలలన్నింటిలో ఆ దేహాన్ని కనిపెట్టి ఉండేది ఆ స్త్రీ ఒక్కతే. తిరిగి వచ్చిన జబ్బును చాలా సందర్భాలలో మొదట గమనించేది ఆమే. ఆమె నోట వచ్చే మాటే అక్కడ మొదటి పరీక్ష. అయిదేళ్ళు నిండితే గండం గడిచినట్లే అన్న నమ్మకం కూడా పూర్తిగా సరికాదు. హార్మోన్ల మీద ఆధారపడే రకం జబ్బు ఇరవై ఏళ్ళ వరకు కూడా తిరిగి రాగలదని 2017లో ప్రచురితమైన పెద్ద అధ్యయనం తెలిపింది.

మా ఇంట్లో ఇప్పుడొక పలచని నోటుపుస్తకం ఉంది. నెలకు ఒకరోజు అమ్మ అద్దం ముందు చూసుకొని, వేళ్ళతో మచ్చ చుట్టూ, చంకలో, మెడ ఎముక పైన తడిమి చూసుకుంటుంది. ఫోనులో ఫోటోలు ఉంచడం ఆమెకు ఇష్టం లేదు. అందుకని రెండు వలయాలు గీసి, ఎక్కడ ఏముందో చుక్క పెట్టి, పక్కన తేదీ, బియ్యపు గింజంతా, శనగగింజంతా అని రాస్తుంది. రెండవ వారంలో ఆ చుక్కను మళ్ళీ చూస్తాం. పోతే కొట్టివేస్తాం. ఉంటే ఫోను చేస్తాం. ఆసుపత్రిలో ఆ పుస్తకం తెరిచి చూపితే, అమ్మ నోటితో చెప్పుకోవలసినది సగం తగ్గుతుంది. ఈ రెండేళ్ళలో అందులో ఏడు చుక్కలు పడ్డాయి. అయిదు కొట్టివేశాం, రెండింటికి వెళ్ళి చూపించి వచ్చాం, రెండూ ప్రమాదం లేనివే.

ఇలాంటి శస్త్రచికిత్స జరిగిన అమ్మ, అత్త, అక్క మీ ఇంట్లో ఉంటే ఈ వారం ఒక పని చేయండి. ఫైలు మీద ఉన్న ఆసుపత్రి నంబరును పెద్ద అక్షరాలతో రాసి, ఆమెకు అందే చోట అంటించండి. ఏమైనా మార్పు ఉందా అని ఆమెను ఏకాంతంలో అడగండి. ఉందంటే, "ఎప్పటి నుండి?" అని అడగండి గానీ, "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అని మాత్రం అడగకండి.